వెతకాల్సిన మాట

కామేశ్వరరావు మాస్టారు నాకు మొదట నేర్పింది కంప్యూటర్ని ముట్టుకోకుండా ఉండటం.

"ముందు కాయితం మీద రాయమ్మా సుగుణా," అనేవారు. "ఏం కావాలో నీకే తెలియకుండా వెళ్ళి దాని ముందు కూర్చుంటే, దానికేం తెలుస్తుంది?"

అది తొంభై ఆరు వేసవి. బందర్లో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీలో నేను అసిస్టెంటుని. మాస్టారు లైబ్రేరియన్. వాళ్ళ నాన్నగారు, తాతగారు బడిపంతుళ్ళు కావడంతో ఈయన పాఠం చెప్పకపోయినా అందరూ మాస్టారనే పిలిచేవాళ్ళు. ఆ జనవరిలో ఏదో స్కీము కింద మా లైబ్రరీకి ఒక కంప్యూటరు, ఒక మోడెం, టకటకమని చప్పుడు చేసే ప్రింటరు వచ్చాయి. ఫోను కలిపితే హైదరాబాదులో ఒక కేంద్రానికి లైను వెళ్తుంది. ప్రపంచంలో ఎక్కడెక్కడో అచ్చయిన పరిశోధన వ్యాసాల వివరాలు, వాటి సారాంశాలు అక్కడినుంచి వెతుక్కోవచ్చు. మాకు నెలకి రెండు గంటలే ఇచ్చారు. పగటిపూట లైన్లు దొరకవు కాబట్టి పొద్దున్న ఆరున్నరకే వెళ్ళి లైబ్రరీ తెరిచేవాళ్ళం.

బొమ్మలు లేవు. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు. మనం ఏం టైపు చేస్తే అదే దానికి ఆజ్ఞ. ఎస్ కొట్టి ఒక మాట ఇస్తే, ఆ మాట ఉన్న వ్యాసాలు ఎన్ని ఉన్నాయో చెప్పి ఆ మొత్తానికి ఒక నంబరు పెడుతుంది. రెండు నంబర్ల మధ్య 'అండ్' పెడితే రెండు మాటలూ ఉన్నవే మిగుల్తాయి. 'ఆర్' పెడితే ఏ ఒక్కటి ఉన్నా వస్తాయి. 'నాట్' పెడితే అక్కర్లేనివి పోతాయి. మాట చివర ప్రశ్నార్థకం పెడితే ఆ మాట ఎలా ముగిసినా పట్టుకుంటుంది. రాసుకుంటే అరపేజీ చదువు. చేతికి రావడానికి నాకు రెండు నెలలు పట్టింది.

ఒకసారి కెమిస్ట్రీ లెక్చరర్ గారి కోసం వెతుకుతూ 'అండ్' బదులు 'ఆర్' కొట్టాను. నలభై ఒక్క వేల వ్యాసాలు వచ్చాయి. నా చేతులు ఆగిపోయాయి.

"ఇద్దర్ని పిలవమంటే ఊరంతటినీ భోజనానికి పిలిచావు," అని మాస్టారు నవ్వారు. "కంగారు పడకు. లాగాఫ్ కొట్టి లైను తెంచేసి, మళ్ళీ కాయితం తీసుకో."

శనివారం మధ్యాహ్నం నేను ఇంటికి వెళ్ళేదాన్ని. చల్లపల్లి, మోపిదేవి, పులిగడ్డ అక్విడక్టు, అవనిగడ్డ దాటి నాగాయలంకలో దిగితే, అక్కడినుంచి మా ఊరు రెండు మైళ్ళు. మా నాన్న సీతారామయ్యకి రెండు రొయ్యల చెరువులు. నాలుగేళ్ళ క్రితం దాకా అవి వరి చేలే. చెరువుల పక్కనే ఉప్పునీటి కాలవ. అందరూ దాన్లోంచే ఇంజన్లతో నీళ్ళు తోడుకుంటారు, రొయ్యల పట్టుబడి అయ్యాక చెరువు నీళ్ళు అందరూ దాన్లోకే వదుల్తారు. మా చెరువుల కింద మోషేది ఒక ఎకరం చెరువు, దాని కింద నాంచారమ్మ గారిది. అక్కడినుంచి కాలవ సముద్రం పాయలో కలుస్తుంది.

"మీ కంప్యూటరుకి రొయ్య తెలుసా?" అని అడిగేవాడు నాన్న. ఎగతాళి కాదు. నిజంగానే అడిగేవాడు.

"అడిగితే చెప్తుంది నాన్నా."

"అయితే తర్వాత అడుగుదాంలే. ఇప్పుడు బానే ఉన్నాయిగా," అని మేత ట్రే పైకి లాగి చూపించేవాడు. ఏప్రిల్లో రొయ్యలు వేలెడు పొడుగున, నల్ల చారలతో నిగనిగలాడుతూ ఉన్నాయి. మేత ఒక్క పలుకు మిగిల్చేవి కావు. నాన్న వాటిని అరచేతిలో పెట్టుకుని చూసి, మళ్ళీ నీళ్ళలోకి మెల్లిగా జార్చేవాడు. విసిరేసేవాడు కాదు.

మే పదహారు గురువారం కాలేజీ ఆఫీసుకి ఫోనొచ్చింది. నాగాయలంక టెలిఫోన్ బూత్ నుంచి అమ్మ. మా అమ్మ మాణిక్యమ్మ అంతకుముందు ఎప్పుడూ ఫోను చేయలేదు. అందుకేనేమో గట్టిగా అరిచినట్టు మాట్లాడింది.

"పెద్ద చెరువులో రొయ్యలు గట్టుకొస్తున్నాయమ్మా. వీపు మీద తెల్లగా సున్నం చుక్కలు పెట్టినట్టు ఉంది. నిన్నట్నుంచి మీ నాన్న అన్నం ముట్టలేదు. మందులాయన వచ్చి రెండు డ్రమ్ములు దింపి వెళ్ళాడు. నువ్వేదో నేర్చుకుంటున్నానన్నావుగా, దాన్నేమన్నా అడుగుతావా?"

రొయ్య గట్టుకొచ్చిందంటే ఏమిటో మా ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆరోగ్యంగా ఉన్న రొయ్య నీటి అడుగునే ఉంటుంది. అంతకుముందు యేడు పై ఊళ్ళలో ఇలాగే వచ్చి వారంలో చెరువులు ఖాళీ అయ్యాయి.

మాస్టారికి చెప్పాను. ఆయన గోడ మీద మేం వాడిన నిమిషాలు రాసిపెట్టే కాయితం చూశారు. ఆ నెలలో మాకు ఇరవై రెండు నిమిషాలు మిగిలాయి.

"రేపు పొద్దున్న ఆరుకే రా," అన్నారు.

శుక్రవారం పొద్దున్న వచ్చేసరికే ఆయన బల్ల తుడిచి, పెన్సిలు చెక్కి పెట్టి ఉన్నారు. నేను రాసుకొచ్చిన మాటలు చూపించాను. ప్రాన్. వైట్. స్పాట్. డిసీజ్. ఆయన కొంచెంసేపు చూసి, సరే అన్నారు. మోడెం కూతపెట్టి కలిసింది. టైపు చేశాను. ముప్ఫై నాలుగు వ్యాసాలు. గుండె కుదుటపడింది. వాటిని తెర మీద చూపించమని టి కొట్టాను.

మొదటిది అక్వేరియంలో పెంచే చేపల గురించి. రెండోదీ అంతే. వాటి ఒంటి మీద తెల్ల చుక్కలు తెచ్చే పురుగు. పదోదాని దాకా చేపలే. రొయ్య మాట ఎక్కడో ఒక మూల, ఆ చేపలకి వేసే మేత దగ్గర ఉంది. ఏడు నిమిషాలు అయిపోయాయి.

"లాగాఫ్," అన్నారు మాస్టారు.

నాకు ఏడుపొచ్చింది. "ఉన్న టైమంతా పాడుచేస్తున్నాను మాస్టారూ."

"పాడవలేదు. అది నువ్వు అడిగినదానికే జవాబు చెప్పింది. నీ మనసులో ఉన్నది దానికెలా తెలుస్తుంది?" ఆయన కుర్చీ నా వైపు తిప్పుకున్నారు. "నువ్వు రాసిన వైట్ స్పాట్, తెల్లమచ్చ అనేది మీ ఊరి మాట. ఆ జబ్బు థాయిలాండులో వస్తే వాళ్ళేం పేరు పెట్టారో మనకి తెలీదు. జబ్బు పేరు ఊరికొకటి ఉంటుంది. ఏ ఊరు వెళ్ళినా మారనిదేదన్నా ఉందా?"

నేను కాయితం వైపు చూస్తూ కూర్చున్నాను. అప్పుడు తట్టింది. పీనియస్ మోనోడాన్. టైగర్ రొయ్య శాస్త్రీయ నామం. డిగ్రీ రెండో సంవత్సరం ప్రాక్టికల్స్‌లో దాన్ని కోసి, బొమ్మ గీసి, కింద ఆ పేరు రాసి గీత కూడా గీశాను. అదీ ఇదీ ఒకటేనని ఎప్పుడూ అనుకోలేదు. మా నాన్న చేతిలో ఉన్నది నాకు రొయ్య. పరీక్షలో రాసింది ఇంకేదో.

చెప్పగానే మాస్టారు నవ్వలేదు, మెచ్చుకోలేదు. "రాయి," అన్నారు.

పేరు రాశాను. ప్రాన్ అన్నా, ష్రింప్ అన్నా రావాలని 'ఆర్' పెట్టాను. వైరస్ అనే మాటలో మొదటి భాగం రాసి ప్రశ్నార్థకం పెట్టాను. చావుకి మూడు మాటలు రాశాను. చేపలకి 'నాట్' పెట్టబోతే ఆయన ఆపారు. "వద్దు. ఒకే వ్యాసంలో రెండూ ఉంటే మంచిది కూడా పోతుంది." కిందటి మూడేళ్ళవి చాలన్నారు.

మళ్ళీ కలిపాం. పద్నాలుగు వచ్చాయి. పద్నాలుగూ రొయ్యలవే. పదిహేనో నిమిషం దాటకముందే అన్నీ ప్రింటరుకి పంపి లైను తెంచేశాం. ప్రింటరు ఆగాక లైబ్రరీలో ఇద్దరం పక్కపక్కన కూర్చుని చదివాం.

ఒక్కొక్క చోట ఒక్కొక్క పేరు. కానీ చుక్కలు అవే, గట్టుకి రావడం అదే, వారం పది రోజుల్లో పోవడం అదే. వైరస్. మందు లేదు. ఏ వ్యాసంలోనూ లేదు. జబ్బు నీళ్ళతో వెళ్తుంది, పీతలు కూడా మోసుకెళ్తాయి. ఒకదాన్లో మాత్రం చివర రెండు వాక్యాలు ఉన్నాయి. జబ్బు చెరువు నీళ్ళు బయటికి వదలకుండా క్లోరిన్ వేసి మూసి ఉంచాలని, లేకపోతే చుట్టుపక్కలవి కూడా పోతాయని. రాసినాయన థాయిలాండులో ఒక కాలేజీలో పనిచేస్తాడు. అడ్రసు కూడా ఉంది.

మాస్టారు ఆ కాయితాలు మడిచి నా చేతికిచ్చారు. "సెలవు చీటీ నేను చూసుకుంటాను. వెళ్ళు."

మిట్టమధ్యాహ్నానికి ఊరు చేరాను. పెద్ద చెరువు అప్పటికే ఖాళీ. గురువారం సాయంత్రమే పట్టేశారు. తూము దగ్గర సంచివల కట్టి అడ్డంగా ఉన్న పలకలు లేపితే నీళ్ళతోపాటు రొయ్యలన్నీ వచ్చి వలలో పడతాయి. ఎప్పుడైనా అంతే చేస్తారు. నీళ్ళు కాలవలోకి వెళ్ళిపోయాయి. అడుగున బురద అప్పుడే నెర్రెలివ్వడం మొదలుపెట్టింది.

నాన్న చిన్న చెరువు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. కాళ్ళ దగ్గర రెండు డ్రమ్ములు, మూతలు తీయలేదు.

"ఇందులో కూడా పొద్దున్నే నాలుగు వచ్చాయి," అన్నాడు.

పక్కన కూర్చుని కాయితాలు విప్పాను. ఒక్కొక్కటీ తెలుగులో చెప్పాను. మధ్యలో ఆపకుండా విన్నాడు.

"మందు పేరు రాశారా?"

"లేదు నాన్నా. పద్నాలుగిట్లో ఎక్కడా లేదు."

"నువ్వు సరిగా వెతికావా?"

"సరిగానే వెతికాను."

"మరి ఈ మందులాయన డ్రమ్ము మీద రాసుందిగా."

అన్నాడే గానీ నాన్న డ్రమ్ము వైపు చూడను కూడా చూడలేదు.

"ఏ దేశంవాళ్ళు వీళ్ళంతా?"

"థాయిలాండు, తైవాను, జపాను."

"వాళ్ళక్కూడా పోయాయన్నమాట," అన్నాడు. తర్వాత, "నీళ్ళతో వెళ్తుందని రాశారా?" అన్నాడు.

"రాశారు."

నాన్న కాలవ వైపు చూశాడు. అటుపక్క మోషే ఇంజను ఆడుతోంది. నీళ్ళు తోడుకుంటున్నాడు. ఇంజను చప్పుడు మా దాకా వినిపిస్తోంది. నేనూ విన్నాను. నాన్న లేచి పంచె ఎగ్గట్టి చిన్న చెరువు తూములోకి దిగాడు. పలకల సందుల్లో బంకమట్టి కూరడం మొదలుపెట్టాడు. కాసేపటికి నేను కూడా చెప్పులు విప్పి మట్టి అందించాను.

"మోషేకి చెప్పొద్దా నాన్నా?"

"చెప్తాలే," అన్నాడు.

నీళ్ళు వదలకుండా రొయ్య పట్టాలంటే విసురు వలలే గతి. సగం కూడా రావు. మర్నాడు పొద్దున్న వల విసరడానికి వచ్చింది మోషేనే. మా ప్రాంతంలో అతనంత గుండ్రంగా వల విసిరేవాళ్ళు లేరు. రెండు రోజులు నడుంలోతు నీళ్ళలో నిలబడి మాకోసం విసిరాడు.

"తూము ఎత్తితే పూటలో అయిపోయే పని కదండీ సీతారామయ్య గారూ," అన్నాడు ఒకసారి.

"అమ్మాయి ఏదో చదివొచ్చింది. నీళ్ళు వదలకూడదంట," అన్నాడు నాన్న.

"చదివినవాళ్ళు చెప్తే మంచిదే కదండీ," అని మోషే మళ్ళీ వల సర్దుకున్నాడు.

నాన్న అక్కడితో ఆపేశాడు. ముందు చెరువు నీళ్ళ సంగతి ఎత్తలేదు. నేను గట్టు మీదే ఉన్నాను. అతనికి మంచినీళ్ళు ఇచ్చాను, మామిడికాయ పప్పుతో అన్నం పెట్టాను. నేను కూడా చెప్పలేదు. నాన్న చెప్తానన్నాడుగా అనుకున్నాను. అప్పటికే అతను నీళ్ళు తోడుకున్నాడు, ఇప్పుడు చెప్పి ఏం లాభం అని కూడా అనుకున్నాను. ఏది ముందు అనుకున్నానో ఇప్పుడు గుర్తులేదు.

ఆదివారం సాయంత్రం చెరువులో బ్లీచింగ్ పౌడరు కలిపాం. అమ్మ కూడా దిగింది. కళ్ళు మండి, చేతులు తెల్లబడి, మూడు రోజులు ఆ వాసన వదల్లేదు. మందులాయన వచ్చి డ్రమ్ములు విప్పలేదేమని అడిగితే, నాన్న వాటిని తనే బండిలోకి ఎక్కించాడు. మూడు వారాలు ఆ తూము తెరుచుకోలేదు. పక్కవాళ్ళు మళ్ళీ పిల్ల పోయడానికి చెరువులు దున్నుకుంటుంటే, మా చెరువు ఒక్కటీ పచ్చగా, కదలకుండా, ఏ పనికీ రాకుండా అలా ఉండిపోయింది.

మోషే చెరువు ఆ నెలాఖరుకి పోయింది. జూన్ మొదటి వారంలో నాంచారమ్మ గారిది పోయింది. జబ్బు సీడ్‌లోనే, కొనుక్కొచ్చి పోసిన పిల్లలోనే ఉందని కొందరు, కొంగలు తెచ్చాయని కొందరు అన్నారు. నాన్న రచ్చబండ దగ్గరికి వెళ్ళడం మానేశాడు. ఇంట్లో కూడా అవసరమైతేనే మాట్లాడేవాడు. అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, "జబ్బు రొయ్యలకొచ్చిందా, ఈయనకొచ్చిందా?" అంది.

జూన్ పదిహేడున, సోమవారం పొద్దున్న, నేను లైబ్రరీలో పుస్తకాలు సర్దుతుంటే గుమ్మం దగ్గర నాన్న కనిపించాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గుడ్డ సంచి. అంతకుముందు ఆయన ఎప్పుడూ అక్కడికి రాలేదు. మాస్టారు లేచి కుర్చీ వేశారు.

"మీ అమ్మాయికి ఓపిక ఉందండీ," అన్నారు.

"మీ దయండీ," అన్నాడు నాన్న. కంప్యూటరు వైపు ఒకసారి చూసి, నాతో, "ఆ కాయితం రాసినాయన అడ్రసు ఉందన్నావు. ఆయనకి ఉత్తరం రాయొచ్చా?" అని అడిగాడు.

"ఏమని?"

"ఆయన రాసింది మనం చేశాం. ఏమైందో ఆయనకి తెలియాలి కదా. లేకపోతే ఎట్టా?"

నేను మాస్టారు వైపు చూశాను. ఆయన డ్రాయరులోంచి తెల్లకాయితాలు తీసి బల్ల మీద పెట్టి, తాళాలు తీసుకుని స్టాక్ రూములోకి వెళ్ళిపోయారు.

నాన్న చెప్పాడు, నేను ఇంగ్లీషులో రాశాను. ఆయనకి ప్రతి రోజూ గుర్తుంది. మే పద్నాలుగున ఈశాన్యం మూల మేత మిగిలింది. పదిహేనున గట్టుకి ఆరు వచ్చాయి. చుక్క ముందు తల మీద వచ్చింది, తర్వాత తోక దాకా. రెండో చెరువు మూశాక ఎన్నో రోజు పీతలు గట్టెక్కాయి, ఎన్నో రోజు నీళ్ళ రంగు మారింది. ఇన్ని చూశాడని నాకే తెలియదు. రెండో పేజీ సగం దాటింది.

"ఇప్పుడిది రాయి," అన్నాడు. "పదహారో తారీఖు సాయంత్రం పెద్ద చెరువు నీళ్ళు కాలవలోకి వదిలాను. పదిహేడున మోషే అవే నీళ్ళు తోడుకున్నాడు. అప్పటికి నాకు తెలుసు. చెప్పలేదు. పది రోజులకి అతని చెరువు పోయింది."

నా పెన్ను ఆగింది.

"నాన్నా, ఇది వాళ్ళకి అవసరం లేదేమో."

"అది లేకపోతే మిగతాదంతా అబద్ధమే అవుతుంది. రాయమ్మా."

రాశాను. కింద మా ఊరి పేరు, మండలం, జిల్లా అన్నీ చెప్పి రాయించాడు. సంతకం తెలుగులో పెట్టాడు. తర్వాత ఇంకో కాయితం నా ముందుకి జరిపాడు.

"ఇప్పుడు ఇదే తెలుగులో రాయి. మోషేకి చూపించాలి. నోటితో చెప్పబోతే మాట రావడం లేదు. నెల్రోజుల్నుంచి చూస్తున్నాను."

నేను రాస్తుంటే పక్కనే కూర్చుని ప్రతి పంక్తీ చదివాడు. చివర్లో ఆ కాయితం అందుకుని, జేబులో పెట్టుకోకుండా మళ్ళీ నాకే ఇచ్చాడు. "ఆదివారం నువ్వు కూడా రా," అన్నాడు.

ఆదివారం పొద్దున్న ఇద్దరం గట్టు వెంట నడిచి వెళ్ళాం. మోషే ఇంటి ముందు చింకి వల పరుచుకుని అల్లుతున్నాడు. మమ్మల్ని చూసి లేచి మంచం వాల్చాడు. నాన్న కూర్చోలేదు. నేను కాయితం ఇచ్చాను. ఇంగ్లీషు ఉత్తరం ఇంకా నా సంచిలోనే ఉంది. మోషే చూసేదాకా పోస్టు చెయ్యొద్దన్నాడు నాన్న.

మోషే మెల్లిగా, పెదాలు కదుపుతూ చదివాడు. రెండో పేజీ చివర ఆగి, మళ్ళీ వెనక్కి వెళ్ళి చదివాడు. వాళ్ళావిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నాన్న చేతులు కట్టుకుని నేల చూస్తున్నాడు.

"తప్పు నాదే మోషే," అన్నాడు.

మోషే కాయితం మడిచాడు. కోపం వస్తుందేమోనని చూశాను. అతను కాలవ దిగువకి చూస్తున్నాడు.

"మీరు రెండో చెరువు మూసెయ్యడం నేను చూశానండీ. నీళ్ళు వదలకూడదని కూడా మీరే చెప్పారు," అన్నాడు. "వల విసిరింది కూడా నేనే. అయినా నాది పోయినప్పుడు పలకలు లేపేశాను. నాంచారమ్మ గారి చెరువు కింద ఉందని తెలుసండీ. ఉన్న కాసిని చేతికొస్తే చాలనుకున్నాను."

వాళ్ళావిడ లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి నాన్నకి ఇచ్చింది. నాన్న తాగి, అప్పుడు మంచం మీద కూర్చున్నాడు.

"అమ్మాయి గారూ," అన్నాడు మోషే, "ఇంకా పంపలేదంటున్నారుగా. అందులో నాది కూడా రాయండి."

సంచిలోంచి ఉత్తరం తీసి మోకాలి మీద పెట్టుకున్నాను. సంతకం పైన మూడు వేళ్ళ జాగా ఉంది.

"ఏ తారీఖున వదిలావు?" అని అడిగాడు నాన్న, మెల్లిగా.

మోషే వేళ్ళ మీద వెనక్కి లెక్కపెట్టుకున్నాడు.

"ఇరవై తొమ్మిదండీ. బుధవారం."